కంపెనీ బావి కటింగ్స్, పాత ఫోరామ్ స్లైడ్లు కాలేజీ బీరువాలో ఉన్నాయి: ఎలా కాపాడాలి, కంపెనీని ఎలా అడగాలి?

మాస్టారూ, తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. బరంపురంలో మీ కాలేజీ జియాలజీ విభాగంలో, ఒక చమురు కంపెనీతో ఎప్పుడో చేసిన ప్రాజెక్టు తాలూకు రెండు చెక్క బీరువాలు ఉన్నాయి. వాటిలో బావి కటింగ్స్ (తవ్వేటప్పుడు పైకొచ్చే రాతి ముక్కలు) ఉన్న గుడ్డ సంచులు, ఫోరామినిఫెరా (పొట్టిగా ఫోరామ్ అంటాం, గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు) గుల్లల్ని ఏరి అంటించిన అట్ట స్లైడ్లు, కొన్ని గాజు స్లైడ్లు ఉన్నాయి. కొన్ని గుల్లల మీద తెల్లటి పొడి లేచింది. లేబుళ్ళు సగం మాసిపోయాయి. వీటిని ఎలా కాపాడాలి, పీజీ పిల్లలచేత వీటి మీద పని చేయించి పేపరు వేయించవచ్చా, కంపెనీని కొత్త నమూనాలు ఎలా అడగాలి అన్నారు.

ముందుగా ఒక మాట. ఇవాళ ఏదీ కడగకండి, తుడవకండి, కొత్త సంచుల్లోకి మార్చకండి. బాగా మనసు పెట్టి చేసేవాళ్ళే ఈ తప్పు ఎక్కువ చేస్తారు. మాసిన సంచి తీసి శుభ్రమైన కవర్లో పోస్తారు, పాత చీటీ చెత్తబుట్టలో పడుతుంది. గుల్ల ఎంత చక్కగా ఉన్నా, అది ఏ బావిదో, ఎన్ని మీటర్ల దగ్గరిదో, కటింగో కోరో (బావిలోంచి కడ్డీలా కోసి తీసిన రాయి) తెలియకపోతే దానితో వయసు కట్టలేం. ఆ మూడు వివరాలూ పోయాక గోపాలపూర్ ఒడ్డున ఇసుకలో దొరికే గుల్లకీ దానికీ తేడా ఉండదు.

అందుకని మొదటి పని ఫొటోలు. బీరువా తలుపు తీసి, ఏదీ కదపకుండా ఒక్కో అరనీ ఫొటో తీయండి. ఆ తర్వాత ఒక్కో సొరుగు, ఒక్కో స్లైడు ముందూ వెనకా. సంచులు, స్లైడ్లు ఉన్న వరస కూడా సమాచారమే. ఒక చీటీ చదవలేకపోతే అటూ ఇటూ ఉన్న లోతుల్ని బట్టి దాన్ని పూరించవచ్చు. మాసిపోయిన చీటీని చీకటి గదిలో పెట్టి, టార్చిని పక్క నుంచి దాదాపు కాగితానికి ఆనించినట్టు వేసి ఫొటో తీయండి. సిరా పోయినా బాల్‌పెన్ నొక్కిన గాడి నీడగా కనిపిస్తుంది. చదవగలిగింది రిజిస్టర్లో ఎక్కించండి, అనుమానం ఉన్న అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఏమీ కనిపించని చీటీని కూడా పారెయ్యొద్దు, సంచిలోనే ఉంచండి.

రిజిస్టర్లో లోతు గడి పక్కన ఇంకో రెండు గడులు గీయండి. ఒకటి, అది అడుగులా మీటర్లా. రెండు, లోతు ఎక్కడి నుంచి కొలిచారు. బావి లోతుని మామూలుగా రిగ్గు ఫ్లోర్ దగ్గరున్న కెల్లీ బుషింగ్ నుంచి కొలుస్తారు. సముద్రంలో బావి అయితే 1200 మీటర్లు అన్నదాంట్లో నీటి లోతూ రిగ్గు ఎత్తూ కలిసే ఉంటాయి. వాలుగా తవ్విన బావి అయితే రాసిన లోతు బావి పొడవే, నిట్టనిలువు లోతు వేరు. ఇది తెలియకుండా రెండు బావుల్ని పోల్చితే పొరలు వంగినట్టు, తెగినట్టు లేని కథలు పుడతాయి. కొత్త నంబర్లు వేసేటప్పుడు పెన్సిల్ వాడండి, లేదా వెలిసిపోని పిగ్మెంట్ సిరా. మార్కర్ పెన్ మన ఎండకీ తేమకీ కొన్నేళ్ళకే పోతుంది. రబ్బరు బ్యాండ్లు అన్నీ తీసెయ్యండి, అవి కరిగి అట్టకి అతుక్కుంటాయి.

ఇక ఆ తెల్ల పొడి. మూడు కారణాలుండొచ్చు, మూడింటికీ మందు వేరు. మైక్రోస్కోప్ కింద దారాల్లా అల్లుకుని కనిపిస్తే బూజు. గుల్లలు అంటించడానికి వాడే ట్రాగకాంత్ జిగురు మొక్క నుంచి వచ్చిందే కాబట్టి వానాకాలంలో దానికి బూజు పడుతుంది. ఆరిన మెత్తటి బ్రష్‌తో తీసేయవచ్చు. ఇక ముందు జిగురు కలిపేటప్పుడు ఒక చుక్క లవంగ నూనె వేయండి.

సన్న సూదుల్లా మెరిసే స్ఫటికాలు గుల్ల మీద నూగులా ఉంటే అది బైన్ జబ్బు. చెక్క, ప్లైవుడ్, ఎండీఎఫ్, చవక అట్ట, తెల్ల బంక, వీటి నుంచి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిర్లు వస్తూంటాయి. మూసిన సొరుగులో ఆ ఆవిరి, తేమ కలిసి కాల్షియం కార్బొనేట్ గుల్లని తినేసి లవణంగా మారుస్తాయి. పేరుకి జబ్బే గానీ ఒక గుల్ల నుంచి ఇంకో గుల్లకి అంటుకునేది కాదు. ఒకే సొరుగు గాలి పీలుస్తున్నాయి కనుక అన్నీ కలిసి పాడవుతాయి. సందేహం ఉంటే బాగా మామూలు జాతి గుల్ల ఒకటి, రెండు మూడు స్లైడ్లలో దొరికేది, తీసి డిస్టిల్డ్ వాటర్ చుక్కలో వేయండి. పొడి వెంటనే కరిగిపోతే బైన్ జబ్బే. పోయిన గోడ మళ్ళీ రాదు. మిగిలింది కాపాడటమే మన చేతిలో ఉంది.

మూడోది పైరైట్. గుల్ల లోపల పైరైట్ నిండి ఉంటే తేమ 60 శాతం దాటాక అది ఆక్సిజన్‌తో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. పసుపు, బూడిద రంగు పొడి, ఘాటు వాసన, కింద అట్ట మాడినట్టు నల్లబడటం దీని గుర్తులు. ఇది పక్క గుల్లల్నీ లేబులునీ కూడా తినేస్తుంది. ఇలాంటి స్లైడ్లు ముందు విడదీయండి.

బీరువాలు మార్చక తప్పదు మాస్టారూ. ఇనుప బీరువా కొనండి, కానీ కొత్త రంగు వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం కొన్ని వారాలు, తలుపులు తెరిచి ఖాళీగా ఉంచండి. లోపల కలరా ఉండలు వెయ్యొద్దు. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్కుల్ని మెత్తబరుస్తుంది, గాజు మీద స్ఫటికాలుగా పేరుకుంటుంది. తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంచగలిగితే మంచిది. బరంపురం సముద్రానికి దగ్గర, జూన్ నుంచి అక్టోబర్ దాకా ఏసీ లేని గదిలో అది జరగని పని. అందుకని గది మొత్తాన్ని ఆరబెట్టే ప్రయత్నం మానేసి, పైరైట్ స్లైడ్ల వరకు బిగుతు మూత ఉన్న పాలీప్రొపిలిన్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. పది లీటర్ల డబ్బాకి రెండు గుప్పెళ్ళు చాలు. నారింజ రంగుది కొనండి, నీలం దాంట్లో కోబాల్ట్ ఉంటుంది. రంగు మారగానే ఓవెన్లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు పెడితే మళ్ళీ పనికొస్తుంది. అట్ట స్లైడ్లన్నిటినీ మాత్రం ఇలా బిగించొద్దు. అట్ట వదిలే ఆమ్లం డబ్బాలోనే ఉండిపోయి బైన్ జబ్బు ముదురుతుంది. వాటికి కొంచెం గాలి ఆడే ఇనుప సొరుగే నయం.

ఇంకోటి, బీరువా కింది అంతస్తులో ఉంటే పైకి చేర్చండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే గజపతి జిల్లా వరదల్లో మునిగింది. కిటికీ పక్కన పెట్టొద్దు. రిజిస్టర్ ఫొటోల కాపీ ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి.

ఇక కటింగ్స్. ప్రతి సంచిలో కనీసం సగం ఎప్పటికీ ముట్టకుండా ఉంచండి. ఇప్పుడు ఫోరామ్‌లు చూస్తారు, రేపు ఇంకొకరికి అదే మట్టిలో నానోఫాసిల్స్ (ఫోరామ్ కంటే చాలా చిన్న సున్నపు శిలాజాలు) కావాలి, ఎల్లుండి ఇంకొకరు ఐసోటోపులు అడుగుతారు. మొత్తం కడిగేశాక అడిగినవాళ్ళకి ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఆ బావిని మళ్ళీ ఎవరూ తవ్వరు.

కడిగే పద్ధతి ఇది. 50 గ్రాములు తూచి, 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, వేడిగా ఉండగానే నీళ్ళలో వేసి ఒక చెంచా బట్టల సోడా కలపండి. వంట సోడా కాదు. ఒక రాత్రి నానితే మామూలు షేల్ చాలావరకు విడిపోతుంది. విడకపోతే మళ్ళీ ఆరబెట్టి మళ్ళీ నానబెట్టండి, గట్టిగా నలపొద్దు. కర్బనం ఎక్కువున్న నల్ల మట్టికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు గానీ అది గంటల తరబడి ఉంచితే ఆమ్లంగా మారి సన్నటి గుల్లల్ని కొరుకుతుంది. నురగ తగ్గగానే కడిగెయ్యాలి. నూనె కలిపిన తవ్వకపు బురద, అంటే ఆయిల్ బేస్ మడ్‌తో తవ్విన బావి అయితే ముందు డిటర్జెంట్‌తో జిడ్డు వదిలించాలి, లేకపోతే జల్లెడ మూసుకుపోతుంది.

జల్లెడ 63 మైక్రాన్లది ఉండాలి. ఒక నమూనా అయ్యాక జల్లెడని మిథిలీన్ బ్లూ ద్రావణంలో ముంచి, నీళ్ళతో కడిగి, అప్పుడు రెండోది వెయ్యండి. ఎంత కడిగినా జాలీ సందుల్లో పాత నమూనా గుల్లలు నాలుగైదు ఇరుక్కుంటాయి. రంగు అంటిన గుల్ల తర్వాతి ట్రేలో నీలంగా కనిపిస్తే అది ముందు నమూనా నుంచి వచ్చిన అతిథి అని వెంటనే తెలిసిపోతుంది, లెక్కలోంచి తీసేస్తారు. పీజీ పిల్లలకి మొదటి రోజే ఇది నేర్పండి. దీని ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఇది చెయ్యక తప్పు వయసు కట్టిన నివేదికలో పొరపాటు ఎక్కడ దొర్లిందో తర్వాత ఎవరూ పట్టుకోలేరు.

150 మైక్రాన్ల పైవి మాత్రమే చూస్తే చాలు అని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) ముగింపు దగ్గర పని అయితే అది వినొద్దు. అప్పటి మహా వినాశం తర్వాత మొదట వచ్చిన డానియన్ కాలపు ప్లాంక్టానిక్ (నీళ్ళలో తేలుతూ బతికే) జాతులు చాలా చిన్నవి, 100 మైక్రాన్లకి అటూ ఇటూ. పెద్ద జల్లెడ పెడితే అవన్నీ సింకులోకి పోయి, అక్కడ ప్రాణమే లేదన్నట్టు కనిపిస్తుంది.

కటింగ్స్ చదవడంలో పుస్తకంతో నేర్చుకున్నవాళ్ళు తడబడేది ఒకచోట. బావి తవ్వుతుంటే పై పొరల గోడ రాలి కింది మట్టిలో కలుస్తుంది. కాబట్టి ఒక జాతి కింద ఎక్కడిదాకా కనబడింది అన్నదానికి కటింగ్స్‌లో విలువ లేదు. పై నుంచి దిగుతూ అది మొదటిసారి ఎక్కడ కనిపించింది అన్నదే పట్టుకోవాలి. అది ఆ జాతి అంతరించిన చోటు. గ్లోబోట్రంకానా అనే ఫోరామ్ మొదటిసారి తగిలిందంటే క్రెటేషియస్‌లోకి దిగినట్టు. ఇక్కడ కూడా ఒక మోసం ఉంది. పాత పొర కోసుకుపోయి ఆ గుల్లలు కొత్త పొరలో పడి ఉండొచ్చు. అలాంటివి రంగు తేడాగా, అంచులు అరిగి, ఒంటరిగా ఉంటాయి. ఒక్క జాతిని నమ్మి గీత గీయొద్దు, మూడు నాలుగు కలిసి రావాలి. కేసింగ్ (బావి గోడ రాలకుండా దించే ఇనుప గొట్టం) ఎక్కడ దించారో లోతులు తెలిస్తే మంచిది, కేసింగ్ కింద పై పొరల రాలుడు ఆగిపోతుంది. కోర్, సైడ్‌వాల్ కోర్ (బావి గోడలోంచి తీసిన ముక్క) ఉంటే వాటినే ముందు చూడండి, వాటికి ఈ రాలుడు బెడద ఉండదు. కృత్రిమ వజ్రపు పళ్ళున్న పీడీసీ బిట్‌తో తవ్విన చోట గుల్లలు నలిగి పిండి అయిపోతాయి, అక్కడ ఫోరామ్‌లు లేవని రాయడానికి తొందరపడొద్దు. అలాంటి నమూనాకి నానోఫాసిల్స్ దిక్కు. చిటికెడు మట్టి, పంటి పుల్ల, కవర్‌స్లిప్, ఆప్టికల్ అధెసివ్ ఉంటే పది నిమిషాల్లో స్మియర్ స్లైడు తయారు. 1000 రెట్లు పెద్దది చేసి పోలరైజ్డ్ కాంతిలో చూస్తారు. వాడే నీళ్ళలో అమ్మోనియా చుక్క వేసి పీహెచ్ 8కి పైన ఉంచండి, మామూలు డిస్టిల్డ్ వాటర్ వాటిని కరిగిస్తుంది. రాతిలోంచి పుప్పొడి శిలాజాలు తీసే పని మాత్రం మీ ల్యాబ్‌లో మొదలుపెట్టకండి. దానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి; సరైన ఫ్యూమ్ హుడ్డు, పక్కనే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా ఎవరూ చెయ్యకూడదు.

కంపెనీ ఎందుకు ఇస్తుంది అని మీరడిగారు. ఈ శాస్త్రంలో సగం వాళ్ళ అవసరంలోంచే పెరిగింది. 1920లలో అమెరికా గల్ఫ్ తీరంలో ఎస్తర్ ఆప్లిన్, అల్వా ఎల్లిసర్, హెడ్విగ్ నైకర్ బావి కటింగ్స్‌లోని ఫోరామ్‌లతో ఒక బావి పొరల్ని ఇంకో బావి పొరలతో జతచూడవచ్చని చూపించి, 1925లో కలిసి ప్రచురించారు. ఫోరామ్ శాస్త్రవేత్త జోసెఫ్ కుష్‌మన్ చమురు కంపెనీలకి సలహా ఇచ్చి సంపాదించిన డబ్బుతో సొంత పరిశోధనాలయం నడిపారు. 1949లో ఆయన పోయాక ఆయన సేకరణ అమెరికాలోని స్మిత్సోనియన్‌కి చేరింది, ఇప్పటికీ ఎవరైనా అడిగి చూడవచ్చు. హాన్స్ బోల్లి ట్రినిడాడ్ పొరల మీద 1957లో ప్రచురించిన ప్లాంక్టానిక్ మండలాలు (ఫోరామ్ జాతుల్ని బట్టి విడదీసిన వయసు భాగాలు) చమురు పనిలోంచి వచ్చినవే. 1969లో అలాంటి మండలాలకే 'ఎన్' అక్షరంతో అంకెలు కట్టిన వాల్టర్ బ్లో బ్రిటిష్ చమురు కంపెనీ బీపీలో పనిచేశారు. ఆ బీపీ సూక్ష్మ శిలాజాల సేకరణ తర్వాత లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి వెళ్ళింది. ల్యాబ్ మూసేటప్పుడు ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి అడిగిన చోటే ఇలాంటివి మిగిలాయి.

మనకి దగ్గరలోనే మంచి ఉదాహరణ ఉంది. రాజమండ్రి చుట్టుపక్కల క్వారీల్లో రెండు లావా పొరల మధ్యనున్న సముద్రపు మట్టిలో గెర్టా కెల్లర్ బృందం తొలి డానియన్ ఫోరామ్‌లు చూసి 2008లో ప్రచురించింది. క్వారీలో కనిపించేది పై భాగమే. అసలు కథ భూమి లోపల కిలోమీటర్ల లోతున, కృష్ణా గోదావరి బేసిన్ ఓఎన్‌జీసీ బావుల్లో ఉంది. 2011లో ఆ బావుల నమూనాలతోనే దక్కన్ లావాకీ క్రెటేషియస్ చివరి వినాశానికీ సంబంధం చూపిస్తూ పేపరు వచ్చింది. సహ రచయితల్లో ఓఎన్‌జీసీ శాస్త్రవేత్తలున్నారు. వాళ్ళ తీర్మానం మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి, అది వేరే సంగతి. కంపెనీ తలుపు తీయకపోతే ఆ వాదన చేసుకోవడానికి కూడా మట్టి ఉండేది కాదు.

అడిగే పద్ధతికొస్తాను. మన దేశంలో ఉత్పత్తి ఒప్పందాల ప్రకారం బావి డేటా ప్రభుత్వానిది, కంపెనీ దాన్ని గోప్యంగా ఉంచాలి. అందుకని ల్యాబ్‌లో తెలిసిన మనిషి సంచి చేతిలో పెట్టాడు కదా అని పేపరు వెయ్యకండి, ఆయన ఉద్యోగానికే ముప్పు. మీ బీరువాలో ఉన్నవాటికి కూడా ముందు పాత ఎంఓయూ (ఒప్పంద పత్రం) వెతకండి. దొరకకపోతే కంపెనీకి రిజిస్టర్ కాపీ జతచేసి, ప్రచురణకి అనుమతి అడుగుతూ ఉత్తరం రాయండి. దేశం మొత్తం బావుల డేటా డీజీహెచ్ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హైడ్రోకార్బన్స్) నడిపే నేషనల్ డేటా రిపాజిటరీలో చేరుతుంది. ఆ బావి సమాచారం అక్కడ బయటికి ఇచ్చే దశలో ఉందేమో కూడా కనుక్కోండి.

కొత్త నమూనాల ఉత్తరంలో "పరిశోధనకు సహకరించగలరు" అని ఊరుకుంటే జవాబు రాదు. ఏ లోతు నుంచి ఏ లోతు దాకా, ఎన్ని మీటర్లకొకటి, ఒక్కోటి ఎన్ని గ్రాములు, ఎన్నాళ్ళలో ఏమిస్తారు అన్నది రాయాలి. 30 గ్రాములు అడిగితే ఇస్తారు, అర కిలో అడిగితే ఫైలు ఆగిపోతుంది. వాళ్ళకి కావలసింది లాటిన్ పేర్లు కాదు, ఏ లోతులో ఏ వయసు మొదలవుతుంది, అప్పుడు అక్కడ నీటి లోతెంత అన్న ఒక్క పేజీ పట్టిక, చెప్పిన రోజుకి. దానితో పాటు నకలు స్లైడ్ల సెట్టు ఒకటి ఇస్తామంటే రెండోసారి వాళ్ళే పిలుస్తారు.

సంతకం పెట్టే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. లోతులు, బావి స్థానం ప్రచురించనిస్తారా? ఇవ్వకపోతే బావికి మారుపేరు పెట్టి, అసలు వివరాల కవరు ఫలానా తేదీ తర్వాత తెరవవచ్చన్న షరతుతో భద్రపరచమని అడగండి. తేదీ లేని గోప్యత అంటే ఆ పని శాశ్వతంగా పోయినట్టే. పేపరు చూడటానికి వాళ్ళకి ఎన్ని రోజుల గడువు, ఆ లోపు జవాబు రాకపోతే సరే అన్నట్టేనా? పని అయ్యాక మిగిలిన మట్టి, స్లైడ్లు ఎవరివి? కంపెనీ ఇంకో కంపెనీలో కలిసినా, మీ విభాగం మూతపడినా అవి ఎక్కడికి వెళ్ళాలి? ఈ చివరిదాన్ని అందరూ వదిలేస్తారు. మీ రెండు బీరువాలు అలా వదిలేసినవే.

కొత్త జాతి దొరికితే ఇంకో చిక్కు. ఫోరామ్‌లకి జంతు నామకరణ నియమావళి వర్తిస్తుంది. 1999 తర్వాత ప్రకటించే కొత్త జాతికి ఆధారమైన అసలు నమూనా, అంటే హోలోటైప్‌ని ఏ సంస్థ సేకరణలో, ఏ ఊళ్ళో ఉంచుతారో పేపర్లోనే చెప్పాలి, లేకపోతే ఆ పేరు చెల్లదు. నానోఫాసిల్స్, డైనోసిస్టులకి (ఒక రకం సూక్ష్మ శైవలాల తొడుగులు) వృక్ష నామకరణ నియమాలు, అక్కడా టైప్ ఉన్న సంస్థ పేరు చెప్పి తీరాలి. కంపెనీ లాకర్ని అలాంటి చోటుగా రాయొద్దు, బయటివాళ్ళు వెళ్ళి చూడలేరు. కోల్‌కతాలో జియలాజికల్ సర్వే, లక్నోలో బీర్బల్ సాహ్ని సంస్థ లాంటి చోట్లకి పంపుతామని ఒప్పందంలోనే రాయించండి.

ఈ అనుమతులు నడిచేలోపు పిల్లలు ఖాళీగా ఉండక్కర్లేదు. రుషికుల్య మొగ దగ్గర, చిల్కాలో పై సెంటీమీటరు మట్టి తెచ్చి కడిగితే అమ్మోనియా అనే పేరున్న (రసాయనం కాదు) ప్రజాతి ఫోరామ్‌లు దొరుకుతాయి, ఏరడం, అంటించడం, లెక్కించడం వాటి మీద నేర్పండి. మన ఒడ్డుకి ఎదురుగా మహానది బేసిన్‌లో 2014-15లో ఐఓడీపీ (సముద్రం అడుగున తవ్వే అంతర్జాతీయ పరిశోధన కార్యక్రమం) 353వ యాత్ర యూ1445, యూ1446 అనే చోట్ల కోర్లు తీసింది, నీటి లోతు సుమారు 2500, 1430 మీటర్లు. ఆ సూక్ష్మ శిలాజాల పట్టికలు, నివేదికలు నెట్‌లో అందరికీ ఉచితం. కోర్లు జపాన్‌లోని కోచి కోర్ సెంటర్లో ఉన్నాయి, పని ఏమిటో స్పష్టంగా రాస్తే నమూనాలు కూడా అడగవచ్చు. మీ బావి కూడా ఆ బేసిన్‌దే అయితే పై పొరల వయసులు సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు.

ఇప్పటికి ఒక పని చెయ్యండి. పొడి లేచిన స్లైడ్లలో ఐదు ఎంచి, గాజు తీయకుండా, పక్క నుంచి లైటు వేసి, 40 రెట్లలో ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి. స్లైడు వెనక రాత, అట్ట రంగు కూడా కనబడాలి. బూజో, బైన్ జబ్బో, పైరైటో చూసి చెప్తాను. అంతవరకు ఆ సొరుగు మాత్రం చెక్క బీరువాలోంచి తీసి బయట ఇనుప బల్ల మీద పెట్టండి, పైన పల్చటి గుడ్డ కప్పితే చాలు.